రెండంకెల గుణకారం: పద్ధతి ముందా, సమస్య ముందా?

బత్తాయి బడి (ఉపాధ్యాయిని, నల్లగొండ జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. బత్తాయి తోటల మధ్యనున్న ఒక ప్రాథమిక పాఠశాలలో నాల్గవ, ఐదవ తరగతులకు గణితం చెబుతున్నాను. గత వారం నాల్గవ తరగతిలో రెండంకెల సంఖ్యను రెండంకెల సంఖ్యతో గుణించడం మొదలుపెట్టవలసి వచ్చింది. ఎప్పటిలాగా నల్లబల్ల మీద ఒక లెక్క చేసి చూపించి, అటువంటివే పది లెక్కలు ఇచ్చి కూర్చోబెట్టకుండా, ఈసారి పద్ధతి ఏదీ చెప్పకముందే ఒక సమస్యను ఇచ్చాను. "బడి పక్కనున్న తోటలో 14 సాళ్ళు ఉన్నాయి. ఒక్కో సాలులో 23 బత్తాయి చెట్లు ఉన్నాయి. మొత్తం ఎన్ని చెట్లు?" ఇది పుస్తకం కోసం పుట్టించిన లెక్క కాదు. 20 అడుగులకొక చెట్టు చొప్పున నాటిన దాదాపు మూడెకరాల తోట అది. పిల్లలు రోజూ దాని గట్టు మీదుగానే బడికి వస్తారు.

17 మందిలో కొందరు చెట్లన్నీ చుక్కలుగా పెట్టడం మొదలుపెట్టి మధ్యలో తప్పిపోయారు. ఒక పిల్లవాడు 23ను 14 సార్లు ఒకదాని కింద ఒకటి రాసి ఓపికగా కూడాడు. ఒక అమ్మాయి పది సాళ్ళకు 230, నాలుగు సాళ్ళకు 92 అని విడివిడిగా రాసి 322 తెచ్చింది. ఎవరూ నేర్పకుండా ఆ పని చేసినందుకు నాకు చాలా ముచ్చట వేసింది. అయితే ఐదుగురు 212 అని రాశారు. వారిలో ఒకడిని అడిగితే, "ఇరవై పదుల రెండు వందలు, మూడు నాలుగుల పన్నెండు, మొత్తం రెండు వందల పన్నెండు" అని ఏ సందేహమూ లేకుండా చెప్పాడు.

వానికి తప్పని చెప్పి సరైన పద్ధతి చూపించడం రెండు నిమిషాల పని. కానీ నిరుడు అలా చూపించిన పిల్లల్లో సగం మంది రెండవ వరుసను ఒక స్థానం జరపడం మరచి 92, 23 కూడి 115 అని రాశారు. పది సాళ్ళకే 230 చెట్లు ఉండే తోటలో 115 ఎలా వస్తాయని ఒక్కరికీ తోచలేదు. అందుకే ఈసారి తొందరపడదలచుకోలేదు. 212 అన్న పిల్లవానికి తన తప్పు తనకే కనబడేలా చేయడం ఎలాగో అనుభవజ్ఞులు చెప్పగలరు.

పాలమూరు పంతులు (విశ్రాంత ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్)

అమ్మా, మీ శ్రద్ధను కాదనను. అయితే ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పాఠం చెప్పినవానిగా ఒక మాట అనక తప్పదు. ఎక్కాలు నోటికి రాని పిల్లవానికి సమస్య ఇవ్వడం, ఈత రానివానిని బావిలోకి దించడం వంటిది. మా రోజుల్లో ఉదయం ప్రార్థన కాగానే ఇరవై ఎక్కాల వరకు గొంతెత్తి చదివించేవాళ్ళం. అలా చదివిన పిల్లలు ఈ రోజు కిరాణా కొట్టులో క్యాల్కులేటర్ ముట్టకుండా బిల్లు వేస్తున్నారు. బట్టీ అన్న పేరు పెట్టి దానిని ఎగతాళి చేయడం ఇప్పుడొక ఆనవాయితీ అయింది.

గుణకార పద్ధతి వందల ఏళ్ళుగా నలిగి నిలిచిన పనిముట్టు. కొడవలి ఇచ్చి వరి కోయమనాలి కానీ, కొడవలిని నీవే కనిపెట్టు అంటే పంట నేల రాలుతుంది. 14 సార్లు 23ను కూడిన ఆ పిల్లవాడు, రేపు 365ను 48తో గుణించమంటే 48 వరుసలు రాస్తాడా?

తండా బడి (ఏకోపాధ్యాయ పాఠశాల, దేవరకొండ ప్రాంతం)

పంతులు గారికి నమస్కారం. ఎక్కాల విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే మా దగ్గర పిల్లలు తడబడేది ఎక్కాల దగ్గర కాదు, సమస్యలోని వాక్యం దగ్గర. మా పిల్లల ఇంటి భాష లంబాడీ. "ఒక్కో సాలులో" అన్న మాట దాటకముందే వారు 23ను, 14ను చూసి, కూడాలా గుణించాలా అని నా ముఖంలోకి చూస్తారు. నేను తల ఏ వైపు ఊపితే ఆ పని చేస్తారు. ఇది సమస్యను సాధించడం కాదు, టీచరును చదవడం.

అందువల్ల నేను మొదటిసారి సంఖ్యలు తీసేసి కథ మాత్రమే చెబుతాను. "ఒక తోట ఉంది. అందులో సాళ్ళు ఉన్నాయి. అన్ని సాళ్ళలోనూ చెట్లు సమానంగా ఉన్నాయి. మొత్తం చెట్లు తెలియాలంటే మీరు నన్ను ఏమేమి అడుగుతారు?" అప్పుడు పిల్లలే "సాళ్ళు ఎన్ని?" "ఒక సాలుకు చెట్లు ఎన్ని?" అని అడుగుతారు. అడిగిన తరువాతే అంకెలు ఇస్తాను. సంఖ్య కోసం తానే అడిగిన పిల్లవానికి దానితో ఏమి చేయాలో చాలావరకు తెలిసే ఉంటుంది. కథను ముందు లంబాడీలో పెద్ద పిల్లలతో చెప్పిస్తాను, తరువాత తెలుగులో నేను చెబుతాను. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

మిల్లు గుమాస్తా (మిర్యాలగూడ)

నేను ఉపాధ్యాయుడిని కాను, మూడవ తరగతి చదివే అమ్మాయికి తండ్రిని. రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. ఈ చర్చ చదువుతుంటే ఒక సందేహం కలిగింది. నా పనిలో రోజంతా గుణకారాలే ఉంటాయి, కానీ బడిలో నేర్పిన వరుసల పద్ధతిలో కాగితం మీద గుణించి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. 40 కిలోల ధాన్యం బస్తాలు 47 వస్తే, 50 బస్తాలకు రెండు వేల కిలోలు, అందులోంచి మూడు బస్తాల 120 తీసేస్తే 1880 అని చెప్పేస్తాను. మా హమాలీ మేస్త్రీ బడికి పోయినవాడు కాదు, ఆయన కూడా ఇలాగే చెబుతాడు.

యూరియా సంగతి చూడండి. పూర్వం బస్తా 50 కిలోలుండేది, 2018 నుంచి 45 కిలోలైంది. 26 బస్తాలంటే పాత లెక్కన 1300, అందులో బస్తాకు ఐదు కిలోల చొప్పున 130 తగ్గితే 1170. రైతు ఇంట్లో పిల్లవానికి ఈ లెక్క చెబితే అర్థం కాకపోవడం ఉండదు. మా అమ్మాయి ఇలా చేస్తే బడిలో తప్పంటారా?

గణిత బోధన (ఉపాధ్యాయ శిక్షణ రంగం, నాగర్‌కర్నూల్)

గుమాస్తా గారు అడిగిన దాంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది చాలా పాత ప్రశ్న. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో 135ను 12తో గుణించే ఉదాహరణ ఉంది. ఆయన దానికి ఒక్క దారి చూపి ఊరుకోలేదు. 12ను 8, 4గా విడగొట్టి 1080, 540 కూడవచ్చన్నాడు. 12 అంటే మూడు నాలుగులు కనుక 135ను మూడుతో హెచ్చించి, వచ్చిన 405ను నాలుగుతో హెచ్చించవచ్చన్నాడు. స్థానాల వారీగా చేయవచ్చన్నాడు. 12కు 8 కలిపి 20 చేసి, 2700 లోంచి 1080 తీసివేయవచ్చని కూడా చెప్పాడు. ఎటు పోయినా 1620. ఈ చివరి దారి, మీ మేస్త్రీ బస్తాల లెక్క ఒకటే. కనుక అది తప్పు కాదు. పంతులు గారు వందల ఏళ్ళ పనిముట్టు అన్నారు. ఆ పెట్టెలో ఒక్క కొడవలే లేదని మాత్రం మనవి చేస్తున్నాను.

ఇక 212 సంగతి. ఆ పిల్లవాడు తెలివితక్కువవాడు కాదు. మన తెలుగులో సంఖ్య పేరే దాని స్థానవిలువను విప్పి చెబుతుంది. ఇరవై మూడు అనగానే ఇరవై, మూడు విడివిడిగా వినిపిస్తాయి. హిందీలో "తేఈస్" అన్న మాటను విడిగా నేర్చుకోవలసిందే. అందుకే మన పిల్లలు రెండంకెల సంఖ్యను విడగొట్టడం సులువుగా చేస్తారు. చిక్కు ఆ తరువాత వస్తుంది. 23కు 14 కూడేటప్పుడు వారు ఇరవైని పదితో, మూడును నాలుగుతో జతచేస్తారు, అక్కడ అది సరిపోతుంది. కూడికలో పనికొచ్చిన ఆ జతలనే ఆ పిల్లవాడు గుణకారానికి తెచ్చాడు. గుణకారంలో ఇరవై పదిని కలవాలి, నాలుగును కూడా కలవాలి. మూడు కూడా అంతే. నాలుగు కలయికల్లో రెండే జరిగాయి. మిగిలిన 80, 30 కలిపితే 110, దానిని 212కు చేరిస్తే 322.

కానీ ఈ మాటలు పిల్లవానికి చెప్పకండి. బత్తాయి బడి గారూ, మీరు ఇచ్చిన సమస్యలోనే జవాబు ఉంది. తోట ఒక దీర్ఘచతురస్రం. పిల్లలను తోటలోకి తీసుకువెళ్ళి పదవ సాలుకు, పదకొండవ సాలుకు నడుమ ఒక తాడు, ఇరవయ్యవ చెట్టుకు, ఇరవై ఒకటవ చెట్టుకు నడుమ అడ్డంగా మరొక తాడు కట్టించండి. తోట నాలుగు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కలో కొందరిని నిలబెట్టి, 212 అన్న పిల్లవాణ్ణి తాను లెక్కించిన చెట్లు చూపించమనండి. బస్తాల లెక్కలోనో, రూపాయల లెక్కలోనో ఈ వీలు లేదు. కథ పేరుతో ఏ రెండు సంఖ్యలనైనా అతికించిన సమస్యకూ, పరిమాణం కంటికి కనబడే సమస్యకూ ఉన్న తేడా ఇదే. ఈ పాఠానికి సమస్యను ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది దీనినే.

ఒకే గది రెండు తరగతులు (వనపర్తి జిల్లా)

చర్చ బాగుంది. కానీ నా గదిలో నాల్గవ, ఐదవ తరగతులు కలిపి 38 మంది ఉన్నారు. తోటకు తీసుకెళ్ళడానికి తోటలు లేవు, వేరుశెనగ చేలున్నాయి. పైగా ఒక చేదు అనుభవం కూడా ఉంది. నిరుడు ఒక అమ్మాయి పరీక్షలో గళ్ళు గీసి నాలుగు లబ్ధాలు రాసి సరైన జవాబు తెచ్చింది. తనిఖీకి వచ్చిన అధికారి ఆ గళ్ళ మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, "పద్ధతి ప్రకారం చేయలేదు" అని రాశారు. ఆ పిల్ల ఆ తరువాత గళ్ళు గీయడం మానేసింది, కొన్నాళ్ళు లెక్కలు చేయడమే మానేసింది.

అయినా నేను మధ్యాహ్న భోజనాన్ని పట్టుకున్నాను. ప్రాథమిక తరగతుల పిల్లవానికి రోజుకు 100 గ్రాముల బియ్యం అన్నది ప్రతి బడికీ తెలిసినదే. నెలలో 24 పనిదినాలుంటే మా గదికి ఎన్ని భోజనాలు, ఎంత బియ్యం? ఐదవ తరగతి పిల్లలు 40 మందికి 960 భోజనాలని, ఇద్దరివి 48 తీసేస్తే 912 అని, బియ్యం 91 కిలోల 200 గ్రాములని తేల్చారు. ఒక పిల్లవాడు లేచి "రోజూ అందరూ రారు కదా సార్?" అన్నాడు. హాజరు పట్టిక తెచ్చి లెక్క మళ్ళీ చేశాం. వలస పోయిన ఇళ్ళ పిల్లల పేర్ల దగ్గర ఖాళీలు ఎక్కువగా కనబడ్డాయి. ఆ రోజు పాఠం అక్కడే ఆగింది.

పాలమూరు పంతులు

లీలావతి మాట ఎత్తి నా నోరు కట్టేశారు. సరే, ఒప్పుకుంటాను. కానీ ఒక్కటి అడుగుతాను. నాలుగు ముక్కలు, తాళ్ళు, గళ్ళు అన్నీ అయిన తరువాత, చివరకు వరుసల పద్ధతికి వస్తారా, రారా? రాకపోతే ఆరవ తరగతిలో దశాంశాలు వచ్చేసరికి ఆ పిల్లలు అవస్థ పడతారు. తప్పు తెలుసుకోవడం ఒక ఎత్తు, పని తొందరగా తెమలడం మరొక ఎత్తు.

గణిత బోధన

తప్పకుండా రావాలి. గళ్ళ దగ్గరే ఆగిపోతే అది మరొక రకం బట్టీ అవుతుంది. ఈ పొరపాటు శిక్షణ తరగతుల్లో నేను కూడా చేశాను. "పెట్టె పద్ధతి" అని పేరు పెట్టి, దానికి మెట్లు రాసి ఇచ్చాను. నెల తరువాత ఒక బడికి వెళ్ళి చూస్తే పిల్లలు పెట్టె గీసి, లోపల సంఖ్యలు నింపి, ఏ గడి ఎందుకుందో చెప్పలేకపోయారు.

ఇచ్చే సంఖ్యల క్రమం విషయంలో ఒక సూచన. మొదట 23 చెట్ల సాళ్ళు 10 ఇవ్వండి, తరువాత 20 ఇవ్వండి. పదితో, పదుల గుణిజాలతో గుణించడం నోటికి వచ్చే వరకు 14 దగ్గరకు పోవద్దు. 14 అయిన తరువాత 19 ఇస్తే, ఇరవై సాళ్ళు అనుకుని ఒకటి తీసేసేవాళ్ళు బయటపడతారు. 25 సాళ్ళు, ఒక్కోదానిలో 12 చెట్లు ఇస్తే నాలుగు పాతికల వంద తెలిసిన పిల్లలు మూడు వందలని తేలికగా చెబుతారు.

బత్తాయి బడి

అందరికీ ధన్యవాదాలు. మంగళవారం తోట యజమాని అనుమతితో పిల్లలను తీసుకువెళ్ళాను. పురికొస రెండు ఉండలు, హాజరు పట్టిక, మంచినీళ్ళ సీసాలు, ఇంతే మా సరంజామా. పదవ సాలు తరువాత పొడుగునా ఒక పురికొస కట్టాం. అడ్డంగా కట్టేటప్పుడు ఇరవై చెట్లు లెక్కించడంలో రెండు జట్లకు రెండు జవాబులు వచ్చి కాసేపు వాదన జరిగింది. ఒక సాలులో చనిపోయిన చెట్టు మోడును ఒక జట్టు లెక్కించింది, మరొక జట్టు వదిలేసింది. మోడు కూడా చెట్టే అని తీర్మానించుకున్నాం.

212 అన్న పిల్లవాడు పెద్ద ముక్కలోకి వెళ్ళి నిలబడి, "ఇవి రెండు వందలు" అన్నాడు. వాని స్నేహితుణ్ణి మూలనున్న చిన్న ముక్కలో నిలబెట్టి, "గవి పన్నెండు" అన్నాడు. మిగిలిన రెండు ముక్కల్లో ఆడపిల్లలు ఊరికే నిలబడి ఉన్నారు. ఆ పిల్లవాడు అటూ ఇటూ చూసి, పురికొస మీద చెయ్యి వేసి, కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆళ్ళ చెట్లు నా లెక్కల రాలే టీచర్" అన్నాడు. నేను ఏమీ చెప్పలేదు. ఆ రెండు ముక్కల్లోకి తానే పరుగెత్తి 80, 30 తెచ్చుకున్నాడు.

పంతులు గారి ప్రశ్న నా మనసులో ఉంది కనుక, బడికి వచ్చాక గళ్ళ కాగితం మీద అదే తోట గీయించాను. 23 గళ్ళ పొడవు, 14 గళ్ళ వెడల్పు, తాళ్ళకు బదులు రెండు రంగు గీతలు. తరువాత అడ్డగీతను తుడిచేయమన్నాను. రెండు ముక్కలే మిగిలాయి, నాలుగు సాళ్ళవి 92, పది సాళ్ళవి 230. అప్పుడు నల్లబల్ల మీద వరుసల పద్ధతిలో 23ను 14తో గుణించి, "ఈ మొదటి వరుస తోటలో ఎక్కడుంది, రెండవది ఎక్కడుంది?" అని అడిగాను. చాలామంది చూపించగలిగారు. మొదటి రోజే 230, 92 అని రాసిన అమ్మాయి "ఇది నాదే కదా టీచర్" అంది. మూడు నాలుగుల పన్నెండు, రెండు వేసి ఒకటి చేతిలో అన్నప్పుడు, ఆ ఒకటి నిజానికి ఒక పది అన్నది మాత్రం ఇంకా అందరికీ పట్టుబడలేదు. దానికి మరో రోజు కావాలి.

నిరుటి తప్పు కూడా ఇప్పుడు నాకు అర్థమైంది. ఇప్పుడు ఐదవ తరగతిలో ఉన్న నిరుటి పిల్లలను పిలిచి 115 ఎక్కడిదో తోటలో చూపించమన్నాను. కాసేపు గళ్ళు లెక్కపెట్టుకుని, "నాలుగు సాళ్ళు, ఇంకో సాలు, మొత్తం ఐదు సాళ్ళే లెక్కవెట్టినం" అన్నారు. 14లోని ఒకటిని పది సాళ్ళుగా కాక ఒక్క సాలుగా తీసుకున్నారన్నమాట. రెండవ వరుసలో సున్నా పెట్టండి, లేదా ఇంటూ గుర్తు పెట్టండి అని నేను ఏడాదంతా చెప్పాను. ఎందుకు పెట్టాలో నేనూ ఏ రోజూ చూపించలేదు.

తండా బడి

టీచర్ గారూ, మోడు విషయం రాసినందుకు సంతోషం. మా దగ్గర తోట లేదు కానీ బడి వరండాలో గచ్చు బండలు వరుసగా పరిచి ఉన్నాయి. రేపు సుద్దముక్కతో గీయిస్తాను.

మిల్లు గుమాస్తా

మా అమ్మాయికి గళ్ళ పుస్తకం కొన్నాను. బస్తాల లాటు కూడా దీర్ఘచతురస్రమే కదా అని ఇప్పుడు తోచింది. ఆదివారం మిల్లుకు తీసుకెళ్ళి లాటు ముఖాన ఎన్ని వరుసలో, వరుసకు ఎన్ని బస్తాలో చూపిస్తాను.

పాలమూరు పంతులు

నిన్న సాయంత్రం మా మనవణ్ణి కూర్చోబెట్టాను. ఐదవ తరగతి. ఎక్కాలు గడగడా చెబుతాడు, అది నా చలవే. 107ను 23తో గుణించమంటే 391 అని రాశాడు. నడుమనున్న సున్నాను లెక్కలోకి తీసుకోక 17ను గుణించాడు. పూర్వమైతే చెవి పట్టుకునేవాణ్ణి. ఈసారి "సాలుకు 100 చెట్లే ఉన్నాయనుకో, 23 సాళ్ళకు ఎన్ని?" అన్నాను. 2300 అని చెప్పి, తన 391ని చూసుకుని తానే కొట్టేశాడు. తరువాత కాగితం మీద తోట గీసి 2300, 161 కూడి 2461 తెచ్చాడు.

అంతా అయ్యాక వాడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు, దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. "తాతా, 107ల వందలకు ఒక ముక్క, ఒకట్లకు ఒక ముక్క వచ్చినయి. పదుల ముక్క ఏది? దానికి తాడు ఏడ కట్టాలె?" ఇన్నేళ్ళలో ఏ పిల్లవాడూ నన్ను ఇది అడగలేదు. ఏమని చెప్పాలి?

గణిత బోధన

పంతులు గారూ, వందవ చెట్టు దాటగానే ఒక తాడు కట్టించండి. పదుల తాడు కూడా సరిగ్గా అక్కడే కట్టమనండి. రెండు తాళ్ళ మధ్య ఎన్ని చెట్లున్నాయో వాణ్ణే లెక్కపెట్టనివ్వండి.